బడి గీత, భూమి గీత

అమెరికాలో ఇల్లు చూడబోయే తెలుగువాళ్లు వంటగది కంటే ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ అడుగుతారు. టెక్సాస్‌లోని ఫ్రిస్కో అయినా, న్యూజెర్సీలోని ఎడిసన్ అయినా అదే తీరు. ఇల్లు ఏ బడి హద్దులో ఉంటే పిల్లలకు ఆ బడే. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ శివార్లలో ఈ హద్దులకు అటూ ఇటూ పక్కపక్కనే ఉన్న ఇళ్ల ధరలను పోల్చి 1999లో లెక్క తేల్చారు. బడి పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువుంటే, తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని ఆమె అంచనా.

ఇటు తెలంగాణలో ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా వెతికినా అలాంటి బడి గీత కనపడదు. అయినా ఇక్కడ పిల్లల చదువుకూ ఇంటి విలువకూ ముడి ఉంది. ఆ ముడి వేసినవి వేరే గీతలు.

మొదటిది పాలనా హద్దు. 1860లో నిజాం నుంచి ఇంగ్లిషువాళ్ల చేతికి వచ్చిన భద్రాచలం ప్రాంతం కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. ఆ శతాబ్దం రెండో సగంలోనే దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కోయల మధ్య పని మొదలుపెట్టింది. బడి అప్పటికి అరుదైన వస్తువు. అందుకోసం ఊరు మారినవాళ్లు తక్కువ. మైదానం నుంచి వచ్చినవాళ్లను లాగింది భూమి, కలప, వడ్డీ వ్యాపారం. ఆ తాకిడికి అడ్డుకట్టగా 1917లో మద్రాసు ప్రభుత్వం, ఏజెన్సీ అని పిలిచే గిరిజన ప్రాంతాల భూముల బదిలీపై చట్టం తెచ్చింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలోకి వచ్చింది 1959లో.

1965లో గోదావరి మీద వంతెన అందుబాటులోకి వచ్చాక, పడవ మీద ఆధారపడ్డ ఊరికి బస్సులు నేరుగా వచ్చాయి. వ్యాపారులు, ఉద్యోగులు పెరిగారు, వాళ్ల పిల్లలకు బళ్లు కావలసి వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కొఠారి కమిషన్ (1964–66) పేదా గొప్పా తేడా లేకుండా ఆ పేటలోని పిల్లలంతా ఒకే బడికి వెళ్లాలంది. పొరుగు బడి అనే ఆ ఆలోచన కాగితం దాటలేదు. బడికి హద్దు గీయలేదు గానీ, భూమికి మాత్రం గట్టి హద్దు పడింది.

అదే 1/70. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించడంతో వచ్చిన పేరది. ఏజెన్సీలో గిరిజనేతరుడు స్థిరాస్తి కొంటే, అమ్మింది గిరిజనుడైనా మరో గిరిజనేతరుడైనా ఆ కొనుగోలు చెల్లదు. పొలమే కాదు, ఇంటి స్థలమూ స్థిరాస్తే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను సమర్థించింది. కోయవాడి భూమి పూర్తిగా చేజారకుండా ఇంతకాలం కాపాడింది ఇదే. దాని ఇంకో ముఖం ఇళ్ల బజారులో కనపడుతుంది. గిరిజనేతరుడి కొనుగోలుకు రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి గృహరుణమూ లేదు. చేతులు మారే ఇళ్లు తెల్లకాగితం మీద, నోటరీ ముద్ర మీద, మాట మీద మారతాయి. మంచి బడి పక్కన ఇల్లుంటే మైదానంలో అమ్మకం ధర పెరుగుతుంది. ఏజెన్సీలో ఆ గిరాకీ అమ్మకంలోకి వెళ్లే దారి మూసుకుపోయి, అద్దెలోకి మళ్లుతుంది.

అడవి లోపలి ఊళ్లలో ప్రభుత్వం వేరే దారి పట్టింది. ఇల్లు బడి దగ్గరికి మారే పని లేకుండా పిల్లలనే బడిలో పెట్టుకునే ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం నమూనా తర్వాత గిరిజన గురుకులాలుగా విస్తరించింది. దీంతో గూడెం ఇంట్లో తల్లిదండ్రులు మిగిలారు, పిల్లలు ట్రంకుపెట్టెతో హాస్టల్ చేరారు. ఇంటి ధర మారలేదు, ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య మారింది.

ఇంకో గీత స్థానికత. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 4 నుంచి 10వ తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే ఉద్యోగాల్లో అక్కడి స్థానికుడు. తెలంగాణకు 2018లో వచ్చిన కొత్త ఉత్తర్వు ఆ లెక్కను 1 నుంచి 7వ తరగతికి మార్చింది. స్థానికుల వాటా 95 శాతానికి పెరిగింది. అంటే రేపటి ఉద్యోగానికి పునాది ఇప్పుడు ఒకటో తరగతిలోనే పడుతోంది. ఇంట్లో పట్టా కాగితాల పక్కనే ప్లాస్టిక్ కవరులో బోనఫైడ్ సర్టిఫికెట్లు దాచుకోవడం ఊరికే రాలేదు.

ఈ గీతలన్నిటి మీదా 2014లో రాష్ట్రాల గీత పడింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అటు చేరాయి. ఎటపాక నుంచి భద్రాచలం బడికి పిల్లవాడు సైకిల్ మీద వచ్చేస్తాడు. మధ్యలో రాష్ట్రం మారిందని ఆ సైకిల్‌కు తెలియదు గానీ, పదేళ్ల తర్వాత ఉద్యోగ దరఖాస్తుకు తెలుస్తుంది. ఇల్లు ఒక రాష్ట్రంలో, స్థానికత ఇంకో రాష్ట్రంలో.

ఇన్ని గీతలూ చివరికి కలిసేది ఖమ్మంలో. ఖమ్మం నగరం ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంతం) కాదు, రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు రుణం ఉంది, ప్రైవేటు బళ్లూ కాలేజీలూ ఉన్నాయి. ఏజెన్సీలో పత్తి, మిర్చి అమ్మిన డబ్బు, ఉద్యోగుల పొదుపు ఇక్కడి ప్లాట్లలోకి వస్తాయి. కొనలేనివాళ్లు అద్దెకు దిగుతారు. జూన్ నెలలో ఏదైనా వీధిలో నిలబడి చూడండి. టు-లెట్ బోర్డు కింద ఇంటామె అడిగే మొదటి మాట, ‘పిల్లల చదువు కోసమా అమ్మా?’ మేడ మీద ఒక గది, గ్యాసు స్టవ్వు, రెండు చాపలు, వండిపెట్టడానికి ఊరి నుంచి వచ్చిన నాయనమ్మ. తల్లీతండ్రీ పొలం దగ్గరే. వేసవి సెలవులిచ్చిన రోజు సాయంత్రానికి గది ఖాళీ. అటు ఊళ్లో మిగిలిన పదినెలలూ ఇల్లు సగం ఖాళీ. ఒకే చదువు రెండు ఇళ్లను ఏడాదిలో చెరికొంత ఖాళీగా ఉంచుతోంది.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కింద రాష్ట్ర నిబంధనలు ప్రాథమిక బడి 1 కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలన్నాయి. ఈ నేల మీద ఎవరి ఇంటి ధరా పెంచకుండా అందరికీ మేలు చేసే గీత అదొక్కటే. 1/70 కోయవాడి భూమిని కాపాడుతుంది, ఆ గూడెంలో మనిషిని నిలిపేది మాత్రం బడి. ఒకటో తరగతి నుంచే స్థానికత లెక్క మొదలయ్యే ఈ రోజుల్లో, పిల్లలు తక్కువున్నారని గూడెం బడి మూసే ముందు అధికారులు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఆ బడి తాళంతో పాటు నాలుగు ఇళ్ల తాళాలు కూడా పడతాయి.