మూత్రపు గొట్టానికి పైపూత ఎందుకు?

బెంగుళూరు బళేపేటకు చేరువలోనే 1900లో ప్రారంభమైన విక్టోరియా ఆసుపత్రి కలదు. సరిహద్దు పల్లెల నుండి బెంగుళూరు ఆసుపత్రులకు వెళ్ళి, యూరిన్ పైపుతో ఇల్లు చేరే పెద్దలు ఎందరో. దాని అసలు పేరు ఫోలీ కెథెటర్. అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో దీనిని రూపొందించాడు. మూత్రాశయంలో నీటితో ఉబ్బే చిన్న బుగ్గ దానిని జారిపోనీయదు.

గొట్టం మెత్తగా వంగడానికి కారణం రబ్బరు పాలు, అనగా లేటెక్స్. అయితే శరీరానికి తగిలేది పైపొర మాత్రమే. పూత లేని లేటెక్స్ ఒరుసుకొని మంట పుట్టిస్తుంది. మూత్రంలోని లవణాలు దానిపై త్వరగా పేరుకుంటాయి. అందుచేత టెఫ్లాన్, సిలికోన్ లేదా నీటిని పీల్చి జారుడుగా మారే హైడ్రోజెల్ పూస్తారు. సాధారణంగా టెఫ్లాన్ పూత గలది 4 వారాలు, హైడ్రోజెల్ పూత గలది గాని పూర్తి సిలికోన్‌ది గాని 12 వారాల వరకు ఉంచవచ్చును. కవరుపై గల గడువు, వైద్యుని మాట ప్రమాణం.

వెండి పూతకు అధిక ధర పెట్టే ముందు ఆలోచించవలెను. బ్రిటన్‌లో 7 వేల మందికి పైగా రోగులపై జరిగి, 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరీక్షలో, కొద్దికాలపు వాడకంలో అది మూత్రనాళ వ్యాధులను చెప్పుకోదగినంత తగ్గించలేదు.

లేటెక్స్ గొట్టానికి వాసెలిన్, నూనెలు తగలనీయరాదు. రబ్బరు బలహీనపడి బుగ్గ పగలవచ్చును. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవారు ముందే చెప్పి పూర్తి సిలికోన్ గొట్టమే అడగవలెను. పూత ఎంత మంచిదైనా లోపల ఉన్నది లేటెక్సే.