కొత్తలు కాకముందు: ములకలపల్లి అడవి అంచున వేల్పు, ఆస్తి, సమృద్ధి

ఆస్తిహక్కు ఎందుకు పుట్టింది అన్న ప్రశ్నకు స్కాట్లాండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1751లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ చాలామందికి ఆఖరి మాటే. మనిషికి కావలసినదంతా ప్రకృతి అడగకుండానే ఇస్తూ ఉంటే నీది, నాది అన్న పంపకంతో పనే ఉండదన్నాడాయన. గాలినీ నీటినీ ఎవరూ సొంత సొత్తని పోట్లాడుకోరు కదా అని ఉదాహరణ చూపాడు. కరువు మరీ ముదిరి ప్రాణం మీదికి వచ్చినప్పుడూ ఆ నియమాలు నిలవవు. ఈ రెండు కొసలకూ నడుమ, చాలీచాలని బతుకులోనే ఆస్తికీ న్యాయానికీ చోటు. ఈ వాదాన్ని కొంచెం ముందుకు లాగితే, యంత్రాలూ కృత్రిమ మేధా కలిసి కొరతను తుడిచేసిన రోజున ఆస్తి కూడా పండుటాకులా రాలిపోవాలి. కొరత లేని రేపటి గురించి నేడు జరుగుతున్న చర్చ చాలావరకు ఈ ఊహ మీదే నడుస్తోంది.

అదే ప్రకరణంలో హ్యూమ్ అన్న మరో మాటను అంతగా ఎవరూ తలవరు. ఆస్తి నియమాలూ మతాచారాలూ పైకి ఒక్కలాగే కనిపిస్తాయంటాడు. నిన్న తినదగిన పదార్థం నేడు పాపం కావడం ఎంత వింతో, గట్టుకు ఇవతలి పండు నాదై అవతలి పండు నాది కాకపోవడమూ అంతే వింత. కానీ ఆస్తి నియమాలు లేకపోతే సమాజం నిలవదు, ఆచారాలు లేకపోతే ఎవరికీ ఏమీ పోదు. రెంటికీ అదే తేడా అని తేల్చాడు. ఆ తేడా అంత గట్టిదా? ఎడిన్‌బరో గదుల్లో కూర్చుంటే గట్టిదే కావచ్చు. ములకలపల్లి అడవి అంచుకు వస్తే మాత్రం అది నిలవదని ఈ వ్యాసం వాదన.

ములకలపల్లి మండలం పాల్వంచకూ దమ్మపేటకూ నడుమ ఉంది. 2016 అక్టోబరు 11 దాకా ఖమ్మం జిల్లాలోది, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం. ఇక్కడి కోయ గూడేల్లో ఒక మనిషి ఎవరో తెలియాలంటే గట్టు (గోత్రవర్గం), ఇంటిపేరు, వేల్పు అడగాలి. ఏడాది పొడుగునా నడిచే పండుగల్లో కొత్తల పద్ధతి చూడటానికి చిన్నదే. ఏ పంట కొత్తగా చేతికొచ్చినా, ఏ కాయ కొత్తగా కాసినా, పెద్దా పూజారీ రోజు నిర్ణయించి ముందు వేల్పుకు పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ నోట పెట్టకూడదు. చిక్కుడుకాయ, మామిడికాయ, కొత్త ధాన్యం, ఇప్పపువ్వు, దేని కొత్త దానిదే. నిన్న కూడనిది నేడు కూడుతుంది. హ్యూమ్ నవ్వుకున్న నియమాలకు ఇంతకన్నా మంచి నమూనా దొరకదు.

ఈ నిషేధం ఏ రోజుల్లో పనిచేస్తుందో చూడాలి. గింజ అడుగంటిన ఆషాఢంలో దీనితో పని లేదు. చెట్టు విరగకాసినప్పుడు, తీగ నిండుగా ఉన్నప్పుడు, అందరికీ సరిపోగా మిగిలేంత ఉన్నప్పుడే అది చెయ్యి ఆపమంటుంది. పైగా పరాయి చెట్టుకే పరిమితం కాదు. సొంత దడి మీద తాను పాకించుకున్న చిక్కుడుతీగ నుంచి కూడా కోసుకోకూడదు. ఆ తీగ ఎవరిదన్న సందేహం ఊళ్లో ఎవరికీ లేదు, అయినా యజమాని కూడా ఆగాలి. అంటే ఇక్కడ సొంతం అన్నది ఉంది. అది అనుభవానికి రావడానికి మాత్రం ఊరంతటి సమ్మతి ఒకటి ముందు నడవాలి.

దీనికి భౌతికవాదులు చెప్పే సమాధానం తెలిసిందే. టెంక ముదరకముందే మామిడి కోస్తే రేపటి మొలక పోతుంది, కాబట్టి కొత్తల వెనక ఉన్నది వేల్పు కాదు, విత్తనం అంటారు. ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం హ్యూమ్ గీసిన గీత చెరిగిపోతుంది, ఎందుకంటే ఆచారం నిష్ప్రయోజనమనే కదా ఆయన దాన్ని ఆస్తి నుంచి వేరుచేసింది! మిగతా సగానికి విత్తనం సరిపోదు. ముదరడమే లెక్కయితే ముందు ముదిరిన చెట్టు ముందు కోసుకోవచ్చు, ఊరంతా ఒకే రోజు మొదలుపెట్టడం దేనికి? సమృద్ధిలో కూడా అందరికీ సమానంగా అందదు. ఎక్కువ చేతులున్న ఇల్లు, పెద్ద గంప ఉన్న ఇల్లు, సంతలో వ్యాపారితో ముందే మాట్లాడుకున్న ఇల్లు తెల్లారేలోపే ఊడ్చుకుపోతుంది. కొత్తల రోజు ఆ ముందడుగును లేకుండా చేస్తుంది. కొరత లేనిచోట కూడా వంతు అనేది ఒకటుంటుందని ఈ పద్ధతికి తెలుసు, హ్యూమ్‌కు తట్టలేదు.

ఇదంతా చెప్పి అడవిని స్వర్గం చేయడం నా ఉద్దేశం కాదు. వేటా సేకరణా మీద బతికినవారే తొలి సంపన్న సమాజమని మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ 1966లో వాదించి పేరు తెచ్చుకున్నాడు. కోరికలు తక్కువైతే ఉన్నదే సమృద్ధి అన్నది ఆయన సూత్రం. వినడానికి బాగుంటుంది. మరో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన కొండరెడ్ల అధ్యయనం చదివినవారికి, పోడు గింజలు అయిపోయాక అడవి దుంపల మీద ఈడ్చిన నెలలూ గుర్తుంటాయి. కొత్తల పద్ధతి ఆకలి ఎరగనివారు కనిపెట్టింది కాదు. ఏడాదిలో రెండు కొసలూ చూసినవారు పెట్టుకున్నది. అన్ని ఊళ్లలో నేడు ఒకే పట్టుదలతో పాటిస్తున్నారనీ చెప్పను. దుమ్ముగూడెంలో పంతొమ్మిదో శతాబ్దిలోనే మిషనరీలు పనిచేశారు. చర్చికి వెళ్లే కుటుంబాలకు వేల్పు లేదు, కానీ ప్రథమ ఫలాల కానుక ఉంది. భూమి దేవుడిది కనుక శాశ్వతంగా అమ్మకూడదన్న మాట బైబిలులోనే ఉందని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

యజమాని దేవుడు, సాక్షి దేవుడు

ఆస్తి హేతువుకు సంబంధించిందనీ వేల్పు నమ్మకానికి సంబంధించిందనీ విడగొట్టడం మనకు అలవాటు. ఆధునిక ఆస్తి సిద్ధాంతానికి పునాది వేసిన జాన్ లాక్ తన వాదాన్ని మొదలుపెట్టిందే దేవుడితో. దేవుడు భూమిని మనుషులందరికీ ఉమ్మడిగా ఇచ్చాడు, అందులో నా శ్రమ కలిపితే ఆ భాగం నాది అవుతుంది, ఇతరులకు అంతే మంచిది అంతే మిగలాలి. లాక్‌కు భూమి ఒకసారి ముట్టిన దానం. కోయ పద్ధతిలో అది ఏటేటా అడగవలసిన అనుమతి. దానం పుచ్చుకున్నవాడు దాతను మరిచిపోవచ్చు. అనుమతి అడిగేవాడికి ఆ వెసులుబాటు లేదు. రెండూ నమ్మకాలే, వాటినుంచి పుట్టే ఆస్తులే వేరు.

ఆస్తీ నమ్మకమూ ఎదురుపడ్డ చోటు ఈ ప్రాంతంలోనే ఉంది. పదిహేడో శతాబ్దిలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడన్నది లోకానికి తెలిసిన కథ. ఆ విగ్రహాలు అంతకుముందు పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి దొరికాయని స్థల సంప్రదాయం చెబుతుంది. అడవి బిడ్డ కనుగొన్న దేవుడికి పరగణా రైతుల శిస్తుతో గుడి లేచింది. గోల్కొండ సుల్తాను తానీషా అడిగింది ఆస్తి ప్రశ్న, గోపన్న చెప్పింది భక్తి జవాబు. ఆ శిస్తు కట్టినవారిని ఎవరైనా అడిగారా అన్న మూడో ప్రశ్న మన కీర్తనల సంప్రదాయంలో ఎక్కడా వినిపించదు.

నేటి చట్టంలో భద్రాచల రాముడికి సొంత భూమి ఉంది. 1925లో ప్రివీ కౌన్సిల్ కూడా చెప్పినట్టు దేవతామూర్తి న్యాయవ్యక్తి, కాబట్టి ఈ దేశంలో దేవుడు దావా వేయవచ్చు, ఆస్తి ఉంచుకోవచ్చు. పురుషోత్తపట్నంలో భద్రాద్రి దేవస్థానానికి ఉన్న దాదాపు 890 ఎకరాలు 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినా, ఆక్రమణల తగాదా నడుస్తున్నా, ఆ భూమికి పత్రాల్లో యజమాని దేవుడే. 2019 నవంబరు 9న అయోధ్య తీర్పులో సుప్రీంకోర్టు రామ్‌లల్లా మూర్తిని న్యాయవ్యక్తిగా ఒప్పుకుంది, జన్మస్థానమైన నేలను మాత్రం ప్రత్యేక వ్యక్తిగా ఒప్పుకోలేదు. మూర్తి ఉన్న దేవుడికి నేల ఉండవచ్చు, నేలే దేవుడైతే చట్టానికి అందదు.

కోయ వేల్పు చాలాచోట్ల ఈ రెండో రకం. చెట్టు మొదట్లో, గుట్ట మీద, వాగు పక్కన ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం దానికి ఒక వింత స్థానం ఇచ్చింది. 2008 నిబంధనల్లో 13వది, హక్కు కోరే సముదాయం చూపగల ఆధారాల్లో పవిత్ర వృక్షాలను, వనాలను, చెరువులను, శ్మశానాలను చేర్చింది. భద్రాచలంలో దేవుడు యజమాని. ములకలపల్లి అడవిలో దేవుడు సాక్షి. మొదటిది గౌరవమనీ రెండోది తక్కువనీ అనుకోనక్కరలేదు. యజమాని అయిన దేవుడి తరఫున దేవాదాయ శాఖ మాట్లాడుతుంది. సాక్షి అయిన దేవుడి తరఫున గ్రామసభ మాట్లాడాలి. ఒడిశాలోని నియమగిరి కొండ కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు డోంగ్రియా కోందుల మతపరమైన హక్కుల ప్రశ్నను గ్రామసభలకే వదిలింది. ఆ ఏడాదే 12 గ్రామసభలూ బాక్సైటు తవ్వకాన్ని వద్దన్నాయి. కొండ ఎవరి పేరునా పట్టా కాలేదు, అయినా కొండ నిలిచింది.

చేసిన కొరత, తోడిన నీరు

ఈ ప్రాంతంలో భూమి కొరత ఆకాశం నుంచి ఊడిపడలేదు. నిజాం కాలంలో అడవి రిజర్వు గీతల్లోకి వెళ్లింది. ఆ తర్వాత సారపాక కాగితపు మిల్లు వచ్చింది, అటవీ అభివృద్ధి సంస్థ జామాయిల్ తోటలు పెంచింది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధన, అదే 1/70, ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న నేల గిరిజనుడి నుంచి వచ్చిందేనని, కాదని రుజువయ్యేదాకా భావించమంది. 1988లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆస్తి చరిత్రను తలకిందులు చేసే ఇంతటి తాత్విక వాక్యం మన చట్టాల్లో అరుదు. దాని అమలు సంగతి ఏజెన్సీ రోడ్ల పక్క మేడలను అడిగితే చెబుతాయి.

2023 జూన్ 30న మొదలైన పోడు పట్టాల పంపిణీలో తెలంగాణ అంతటా నాలుగు లక్షల ఎకరాలకు పైగా నేలకు హక్కుపత్రాలు వచ్చాయి. జిల్లాల్లో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడేనిదే. ఈ పట్టా వారసులకు దక్కుతుంది, అమ్మకానికి పనికిరాదు, భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటుంది. లాక్ ఒప్పుకునే సొంతం కాదిది, అనుమతికి దగ్గరిది. కానీ ఆ అనుమతి ఇచ్చేది ఇప్పుడు వేల్పూ ఊరూ కాదు, అటవీ హక్కుల చట్టం గడువుగా పెట్టిన 2005 డిసెంబరు 13 అనే తేదీ. ఆ ఏడాదే మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం హింసకు ఛత్తీస్‌గఢ్ విడిచి వచ్చిన గుత్తికోయలు తేదీకి అవతల పడ్డారు, తెలంగాణ వారిని షెడ్యూల్డు తెగగా లెక్కించదు. భాషా వేల్పులూ దగ్గరివే, కాగితం మాత్రం లేదు. పక్క మండలం చంద్రుగొండలో 2022 నవంబరు 22న రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు మొక్కల తోట తగాదాలో గుత్తికోయల చేతిలో హతుడయ్యారు. హ్యూమ్ చెప్పిన రెండో కొస, ప్రాణం మీదికొచ్చిన కొరత, అక్కడ కనిపించింది. ఆ హత్యకు ఏ సిద్ధాంతమూ సమర్థన కాదు.

ఇక సమృద్ధి వైపు. 1930లో ఆర్థికవేత్త కీన్స్ రాస్తూ వందేళ్లలో మనిషి ఆర్థిక సమస్య తీరిపోవచ్చన్నాడు, ఆ గడువుకు మనం చాలా దగ్గరకొచ్చాం. ములకలపల్లిలో ఆ సమృద్ధికి సిమెంటు రూపం ఉంది. సీతారామ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని ఎత్తి ఖమ్మం ఆయకట్టు వైపు పంపేందుకు ఈ మండలంలోనే పూసుగూడెం, కమలాపురం పంపుహౌస్‌లు కట్టారు. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పూసుగూడెంలో మోటార్లు ప్రారంభించారు. ఎవరి సొత్తూ కాదని హ్యూమ్ ఉదాహరణగా ఎంచుకున్న నీరే, సమృద్ధిగా ఎత్తిపోసిన చోట ఎవరి వంతు ఎంత అన్న ప్రశ్నగా మారింది. కాలువ గట్టు మీద నిలబడ్డ మెట్ట రైతు ముందు పారే నీరు కొరతా కాదు, సమృద్ధీ కాదు. దాని తూము ఎక్కడ పెట్టాలో ఎవరు నిర్ణయించారన్నదే అతనికి కావాలి. రేపు యంత్రమే గింజ పండించి ఇంటికి చేర్చినా ఆ తూము ప్రశ్న పోదు. ఇప్పటికే సన్నబియ్యం రేషన్ కార్డు మీద వస్తోంది, చేలో పత్తి పెరుగుతోంది. తినని పంటకు కొత్త ఎలా పెడతారు? పత్తికి వంతు నిర్ణయించేది వ్యాపారి, ధర.

కాబట్టి నా తీర్పు ఇది. కొరత పోతే ఆస్తి పోతుందన్న ఆశకు ములకలపల్లి నుంచి సాక్ష్యం దొరకదు. దొరికే సాక్ష్యం వేరు: ఉన్నప్పుడు కూడా ఆగే పద్ధతిని ఒక సముదాయం నమ్మకం ద్వారా నిలబెట్టుకుంది, మన చట్టం ఆ వేల్పును సాక్షిగా ఒప్పుకుని కూడా పిలవడం మరిచింది. పోడు సర్వేలన్నీ ఎకరాల చుట్టూ, విడి మనుషుల పేర్ల చుట్టూ తిరిగాయి. సామూహిక అటవీ వనరుల హక్కు వెనకబడిపోయింది. విశ్వవిద్యాలయాల వారు పండుగల ఫొటోలు తీయడంతో ఆగకుండా, గ్రామసభలతో కూర్చుని వేల్పుల చోట్లను పటంలో గుర్తించాలి, ఏ కొత్త ఎప్పుడో పెద్దల వాంగ్మూలాలుగా రాయించాలి, ఆ కాగితాలను సామూహిక హక్కుల దరఖాస్తులకు జతచేయించాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న 13వ నిబంధన చాలు.