మహమ్మారినాటి తాత్కాలిక విడుదల: చెరసాల సెలవే గాని శిక్షా విముక్తి కాదు

2020 మార్చి 23వ తేదీన, దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి రావడానికి రెండు దినాల ముందు, సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన ఉత్తర్వు వెలువరించింది. కారాగారాలలో కరోనా ప్రబలగల ప్రమాదాన్ని ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే నాయకత్వంలోని ధర్మాసనం తనంతట తానే విచారణకు చేపట్టి ఇచ్చిన ఉత్తర్వు అది. దాని ఫలితంగా అనేకులు ఖైదునుండి తాత్కాలికంగా ఇండ్లకు చేరారు. ఒక కాలు తమిళనాట, ఒక కాలు కన్నడనాట పెట్టి బ్రతికే మన హోసూరు, మత్తిగిరి ప్రాంతపు తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో రెండు సంగతులు తేటగా తెలిసి ఉండడం అవసరం. ఆ రోజులు శిక్షలో జమ పడవు. విడుదలను నిర్ణయించినది ఖైదీ స్వగ్రామమున్న రాష్ట్రం కాదు, చెరసాల ఉన్న రాష్ట్రం.

ఆ ఉత్తర్వులో పేర్కొన్న లెక్కల ప్రకారం దేశంలోని 1,339 కారాగారాలలో సుమారు 4,66,084 మంది ఉండేవారు. నూరుగురికి కట్టిన చోట సగటున 117 మందికి పైగా కిక్కిరిసి ఉన్నారన్న మాట. మనిషికీ మనిషికీ నడుమ దూరం పాటించడం అక్కడ సాధ్యమయ్యే పని కాదు. కనుక ప్రతి రాష్ట్రమూ ఒక ఉన్నతాధికార సంఘాన్ని నియమించాలని కోర్టు ఆదేశించింది. రాష్ట్ర న్యాయసేవల సంస్థ అధ్యక్షుడు, హోం లేదా కారాగార శాఖ ముఖ్య కార్యదర్శి, కారాగారాల డైరెక్టర్ జనరల్ అందులో సభ్యులు. ఏడేండ్లకు మించని శిక్ష గల నేరాలలో ఉన్నవారిని విడుదలకు పరిశీలించవచ్చునని కోర్టు ఒక ఉదాహరణగా సూచించింది. ఎవరిని విడువవలెనో తేల్చే భారం మాత్రం ఆ సంఘాలదే. అందరినీ విడిచి తీరాలని తాము ఆదేశించలేదని 2020 ఏప్రిల్ 13న కోర్టే స్పష్టం చేసింది.

విడుదల రెండు విధాలుగా జరిగింది. శిక్ష పడినవారికి పెరోల్, విచారణ ఇంకా ముగియనివారికి మధ్యంతర జామీను. పెరోల్‌ను తమిళనాడు నియమాలలో ‘సెలవు’ అంటారు. సాధారణ సెలవు, అత్యవసర సెలవు అని అందులో భేదాలున్నాయి. 1982 నాటి ఆ నియమాల పేరే శిక్ష నిలుపుదల నియమాలు. నిలుపుదల అంటే రద్దు కాదని ఆ పేరే చెబుతున్నది.

సేలం కేంద్ర కారాగారంలో ఉన్న మత్తిగిరివాసి సంగతి తమిళనాడు సంఘం చూడవలసినది. అదే ఊరివాడు బెంగళూరు పరప్పన అగ్రహారంలో ఉంటే కర్ణాటక సంఘం చూడవలసినది. పరప్పన అగ్రహారం మనకు సేలంకన్నా ఎంతో చేరువ. అయినా ఆ దగ్గరతనం చట్టం దృష్టిలో లెక్కకు రాదు. బస్సులు నిలిచి, జూజువాడి, అత్తిబెలె వద్ద రాకపోకలకు అనుమతి పత్రాలు అడిగిన దినాలవి. విడుదలైనవారిని మార్గమధ్యంలో వదిలివేయక ఇంటికి చేర్చే ఏర్పాటు చేయాలని ఆ ఏప్రిల్‌లో కోర్టు చెప్పవలసి వచ్చింది.

రెండవ తాకిడి వేళ, 2021 మే 7న, ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం మునుపు విడుదలై తిరిగి వెళ్లినవారిని మరల విడువవలెనని, మునుపు పెరోల్ పొందినవారికి 90 దినాల పెరోల్ ఇవ్వాలని ఆదేశించింది. ఆ ధర్మాసనంలో మరొక తెలుగు న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు కూడా ఉన్నారు. బయట వ్యాధికి జంకి, లేదా తమ సామాజిక స్థితిని బట్టి, విడుదల కోరని ఖైదీలు కూడా ఉండవచ్చునని, వారి మాట మన్నించాలని ఆ ఉత్తర్వులో ఉన్నది. ఇల్లు ఉన్నవాడికే సెలవు వరమవుతుందని గుర్తించిన మాట అది. అదే నెలలో మన పొరుగున జోలార్‌పేటకు చెందిన పేరరివాళన్‌కు, ఆయన తల్లి అర్పుతం అమ్మాళ్ విన్నపం మీద, తమిళనాడు ప్రభుత్వం 30 దినాల సెలవు మంజూరు చేసి తరువాత పలుమార్లు పొడిగించింది. అది రాష్ట్ర ప్రభుత్వం విడిగా ఇచ్చిన సెలవు. దానిని పై ఉత్తర్వుతో కలిపి చూడరాదు.

చివరకు 2023 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ ఏర్పాటుకు ముగింపు పలికింది. ఈ విధంగా బయటికి వచ్చినవారందరూ 15 దినాలలోగా లొంగిపోవాలని, ఆ తరువాత విచారణ ఖైదీలు మామూలు జామీనుకు, శిక్ష పడినవారు శిక్ష నిలుపుదలకు తగిన కోర్టులలో దరఖాస్తు చేసుకోవచ్చునని తెలిపింది. బయట రెండు మూడేండ్లు సంసారం చేసి, పొలం పనులలో పడినవారికి అది పిడుగుపాటు వంటిదే. పైగా ఆ కాలం లెక్కకు రాలేదు. ముందస్తు విడుదలకు కావలసిన 14 ఏండ్ల వాస్తవ ఖైదులో పెరోల్ కాలాన్ని చేర్చరాదని 2023 జనవరిలో గోవా కేసులో కోర్టు చెప్పింది. కరోనా అత్యవసర పెరోల్‌కూ అదే న్యాయమని ఆ సంవత్సరమే హర్యానా కేసులో తేల్చింది.

మహమ్మారి తొలగినా సరిహద్దువారి ఇక్కట్టు ఒకటి తొలగలేదు. అది పూచీదారు సమస్య. జామీను మంజూరైనా స్థానికుడే పూచీ పడాలని కోర్టు కోరితే, మత్తిగిరి రైతు చేతిలోని తమిళ పట్టా, చిట్టా బెంగళూరులో అక్కరకు రాకపోవచ్చు. 1978లో మోతీరామ్ కేసులో న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ పద్ధతిని గట్టిగా ఖండించారు. వేరే జిల్లావాడన్న కారణంతో ఒక తాపీమేస్త్రీ సోదరుడి పూచీని త్రోసిపుచ్చిన సందర్భమది. తెలుగువాడో, కన్నడిగుడో, తమిళుడో దూరదేశంలో పట్టుబడితే అక్కడ ఆస్తిగల పూచీదారుని ఎక్కడినుండి తేగలడని ఆయన ప్రశ్నించారు. నలుబది అయిదేండ్ల తరువాత, 2023 జనవరి 31న, స్థానిక పూచీ షరతు విడుదలకు జాప్యం కలిగిస్తున్నదని, అట్టి కేసులలో దానిని విధించకుండుట మేలని సుప్రీంకోర్టు మరల సూచించింది. జామీను మంజూరై ఒక నెలలో పూచీ సమకూరకపోతే కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చునని కూడా అందులో ఉన్నది. న్యాయవాది ఈ ఉత్తర్వును కోర్టు దృష్టికి తేవలెను.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ మరొక మార్గం. గరిష్ఠ శిక్షలో సగం కాలం, గతంలో ఎన్నడూ ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడవ వంతు కాలం, విచారణలోనే గడిపినవారికి అది జామీను అవకాశం కల్పిస్తుంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష విధించదగిన నేరాలకు, ఒకటికి మించిన కేసులున్నవారికి ఇది వర్తించదు. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలిపింది.

నిర్బంధంలో ఉన్నవారెవరైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయవాదిని పొందడానికి అర్హులు. అందుకు జిల్లా న్యాయసేవల సంస్థను గాని, 15100 నంబరును గాని ఆశ్రయించవచ్చు. కేసు కర్ణాటకంలో ఉంటే అక్కడి జిల్లా సంస్థకే వెళ్లవలెను. పెరోల్‌పై విడుదలైన తేదీ, లొంగిపోయిన తేదీ గల కాగితాలు ఇంట ఉంటే వాటిని భద్రపరచండి. శిక్షలో ఇంకెంత మిగిలినదో లెక్క కట్టే నాడు అవి అవసరమవుతాయి.