4,294,967,297

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. రెండును 32వ ఘాతానికి పెంచి ఒకటి కలిపితే వచ్చే ఈ బేసి సంఖ్య, సున్నా నుంచి లెక్కిస్తే, ఐదవ ఫెర్మా సంఖ్య; అంటే 2^(2ⁿ) + 1 రూపంలో n = 5 అయినప్పుడు వచ్చేది.

ఈ వరుసలో తొలి ఐదూ, అంటే 3, 5, 17, 257, 65537, ప్రధాన సంఖ్యలే. అది చూసి మిగతావీ అంతేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియెర్ ద ఫెర్మా ఊహించాడు. 1732లో లియోన్హార్డ్ ఆయిలర్ 4,294,967,297ను 641 × 6700417గా విడగొట్టడంతో ఆ ఊహ వీగిపోయింది. ఈ రెండు కారణాంకాలూ ప్రధాన సంఖ్యలే.

641 భాగిస్తుందని చూడటానికి అసలు భాగహారమే అక్కర్లేదు. 641 = 5⁴ + 2⁴ కనుక అది 5⁴·2²⁸ + 2³²ను భాగిస్తుంది. 641 = 5·2⁷ + 1 కూడా కనుక 5⁴·2²⁸ − 1ని సైతం భాగిస్తుంది. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేది 2³² + 1.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయవచ్చు: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకు అలాంటి రూపం ఒకటికి మించి ఉండదు. విచిత్రమేమంటే, ఫెర్మా చిన్న సిద్ధాంతంపై ఆధారపడిన పరీక్షను 2తో చేస్తే ఇది ప్రధాన సంఖ్యలాగే నెగ్గుతుంది. 3తో చేస్తే దొరికిపోతుంది. ఫెర్మా సిద్ధాంతమే ఫెర్మా ఊహను పట్టిచ్చేదన్నమాట.

65537 తర్వాత ప్రధాన సంఖ్య అయిన ఫెర్మా సంఖ్య ఇంతవరకు ఒక్కటీ కనబడలేదు.