నిలకడ లేని వేగం: జపాన్ ఎలక్ట్రిక్ ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ చరిత్ర

ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ పుట్టుకకు జపాన్ ఆయుధ చట్టమే కారణం. 1958 నాటి చట్టం సామాన్యుడికి తుపాకీ దొరికే దారులు దాదాపు మూసేసింది. తుపాకీ సరదాను కొంతకాలం లోహపు నమూనా తుపాకులు తీర్చాయి. 1971లో ఒకసారి, 1977లో మరోసారి వాటి మీదా ఆంక్షలు బిగిశాయి. తయారీదారులు ప్లాస్టిక్ వైపు మళ్లారు. 1980ల్లో 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును గాలితోనో గ్యాస్‌తోనో తోసే ఈ ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు, వాటితో జట్లుగా ఆడే ఆట బాగా ప్రచారంలోకి వచ్చాయి.

గుండు వేగం ఒక్కతీరుగా ఉండకపోవడమనే చిక్కు కూడా అప్పుడే మొదలైంది. వరసగా పేల్చాలంటే గ్యాస్ తుపాకే గతి. అందులో వాడిన ఫ్రియాన్-12 ద్రవరూపంలో నిలవ ఉండి, ఆవిరై గుండును తోస్తుంది. ఆ ఆవిరి పీడనం 20 డిగ్రీల వద్ద సుమారు 5.7 బార్లు, సున్నా డిగ్రీల వద్ద 3 బార్ల చిల్లర. అంటే వేసవిలో జోరుగా పేలిన తుపాకీ చలికాలంలో నీరసించిపోయేది. ఆవిరయ్యేటప్పుడు ద్రవం తన వేడినే తాను కోల్పోతుంది కనుక, ఒకే రోజున కూడా వరసగా పేల్చే కొద్దీ ఒక్కో గుండు వేగం తగ్గేది. పెద్ద గ్యాస్ సిలిండర్‌ను వీపున కట్టుకొని, గొట్టంతో తుపాకీకి తగిలించుకొని ఆడినవారూ ఉన్నారు. ఓజోన్ పొరను కాపాడే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఫ్రియాన్-12కు కాలం చెల్లేలా చేసింది. దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీ-134ఏ పీడనమూ వాతావరణాన్ని బట్టి మారేదే. మందు మారింది గాని జబ్బు మారలేదు.

దీనికి విరుగుడు 1991లో వచ్చింది. టోక్యో మారుయి సంస్థ ఫ్రెంచి సైన్యపు ఫామాస్ రైఫిల్ ఆకారంలో ఒక ఎలక్ట్రిక్ తుపాకీని మార్కెట్లోకి తెచ్చింది. అందులో మోటారు గుండును తోయదు. పళ్ల చక్రాల సాయంతో పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును బిగించడమే దాని పని. వాటిలో సెక్టార్ గేర్ అనే చక్రానికి చుట్టుకొలతలో కొంతమేర పళ్లు ఉండవు. ఆ ఖాళీ రాగానే పిస్టన్ పట్టు తప్పుతుంది, స్ప్రింగు దాన్ని ముందుకు విసురుతుంది, సిలిండర్‌లోని గాలి నాజిల్ గుండా వెళ్లి గుండును తోస్తుంది. గుండు పొందే శక్తి స్ప్రింగుదే. బ్యాటరీ నీరసిస్తే సెకనుకు పేలే గుండ్ల సంఖ్య తగ్గుతుందే తప్ప ఒక్కో గుండు వేగం పెద్దగా తగ్గదు. వేగం తగ్గిందని కొత్త బ్యాటరీ కొనడం ఈ ఆటలో కొత్తవారు చేసే అతి సాధారణమైన వృథా ఖర్చు.

వాతావరణం బెడద అలా తగ్గాక అసలు శత్రువు గాలి కారడమేనని బయటపడింది. గాలి కారే చోట్లు ఒకటి రెండు కావు. పిస్టన్ తల చుట్టూ ఉండే ఓ-రింగ్, సిలిండర్ తల, నాజిల్, నాజిల్ ఆనుకునే హాప్-అప్ రబ్బరు, అన్నీ అనుమానితులే. అందులో హాప్-అప్ రబ్బరు ప్రత్యేకం. గుండును పైనుంచి నొక్కి వెనక్కి తిరిగేలా చేస్తుంది. ఆ తిరుగుడు వల్ల గుండు గాల్లో ఎక్కువ దూరం నిలుస్తుంది. అదే రబ్బరు గాలి వెనక్కి పోకుండా అడ్డుపడాలి. ఒకే చిన్న ముక్క మీద రెండు బరువులు పెట్టారు కనుక, అది అరిగినా, నూనె తగిలి జారినా, గురీ వేగమూ ఒకేసారి చెడతాయి. ఇక టోక్యో మారుయి బ్యారెల్ లోపలి వ్యాసం 6.08 మిల్లీమీటర్లు, గుండుది సుమారు 5.95. మధ్య సందు అంత సన్నం కాబట్టి నాసిరకం గుండ్లు వాడితే దేని సందు దానిదే, దేని వేగం దానిదే.

లోపాన్ని వెతకడంలో ఔత్సాహికులకు క్రమంగా ఒక వరస అలవడింది. ముందు గుండ్లు మార్చి చూడడం, తర్వాత బ్యారెల్ తుడవడం, ఆపైన రబ్బరు, చివరికి పళ్ల చక్రాలు, పిస్టన్ ఉండే గేర్‌బాక్స్ విప్పడం. వేగం నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే స్ప్రింగు అలసిందనో ఓ-రింగ్ అరిగిందనో అర్థం. ఒక గుండుకూ తర్వాతి గుండుకూ తేడా వస్తుంటే గుండ్లనో, రబ్బరునో, నాజిల్‌నో అనుమానించాలి. గేర్‌బాక్స్ విప్పాక చేసే పరీక్ష సైకిల్ పంపు మూతి వేలితో మూసి చూడడం లాంటిది: నాజిల్ మూసి పిస్టన్‌ను చేత్తో నెట్టాలి, గాలి నిలవకపోతే లోపం అక్కడే. జోరు మోటార్లు వచ్చాక ఇంకో తంటా వచ్చింది. నాజిల్ మరీ త్వరగా తిరిగొచ్చి, గుండు సరిగా కుదురుకోకముందే పిస్టన్ విడుదలయ్యేది.

ఇదంతా అంకెల్లో చూడాలంటే క్రోనోగ్రాఫ్ కావాలి. గుండు వేగాన్ని కొలిచే శాస్త్రం పాతదే. బెంజమిన్ రాబిన్స్ 1742లోనే వేలాడే దిమ్మెను తాకిన గుండు ఊపును బట్టి వేగం లెక్కగట్టాడు. ఆటగాళ్ల చేతికొచ్చిన చిన్న పరికరంలో రెండు కాంతి కిరణాలను గుండు దాటే వ్యవధిని బట్టి వేగం తెలుస్తుంది. 0.2 గ్రాముల గుండుకు సెకనుకు 100 మీటర్ల వేగమంటే సరిగ్గా 1 జూల్. వేగం 90కి దిగితే శక్తి 0.81కి పడిపోతుంది.

2006లో నిలకడ చట్టం పరిధిలోకి వచ్చింది. అంతకు ముందటేడు శక్తి పెంచిన ఎయిర్‌సాఫ్ట్ తుపాకులతో వాహనాల మీద కాల్పులు జరపడం జపాన్‌లో కలకలం రేపింది. సవరించిన చట్టం ప్రకారం చదరపు సెంటీమీటరుకు 3.5 జూల్స్, ఆపైన ఉన్నది ఆటవస్తువు కాదు. 6 మిల్లీమీటర్ల గుండుకు అది సుమారు 0.98 జూల్స్, 0.2 గ్రాముల గుండైతే సెకనుకు 99 మీటర్లకు ఒక వెంట్రుకవాసి తక్కువ. వేగం ఊగిసలాడే తుపాకీని ఈ గీతకు దగ్గరగా పెట్టుకుంటే, ఏదో ఒక గుండుతో యజమాని నేరస్థుడయ్యే ప్రమాదం ఉంది. అందుకే తయారీదారులు గీతకు చాలా కిందనే ఆగుతున్నారు. బ్రిటన్ 2017లో చేసిన చట్టం వరసగా పేల్చే తుపాకులకు 1.3, మిగతావాటికి 2.5 జూల్స్ హద్దు పెట్టింది.

తర్వాత లిథియం బ్యాటరీలు, పేల్చే క్రమం సగంలో ఆగిపోకుండా చూసే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్లు వచ్చాయి. అయినా చాలా ఎలక్ట్రిక్ తుపాకుల లోపల స్ప్రింగు, పిస్టన్, పళ్ల చక్రాల అమరిక ఇప్పటికీ 1991 నాటిదే.