కట్టు కంటే ముందు పుండును చూడాలి

గాలి తగిలితేనే గాయం మానుతుందని, తడి ఉంటే చీము పడుతుందని మనలో చాలామంది నమ్ముతారు. అన్ని గాయాలకూ ఒకే సూత్రం చెప్పడమే ఇందులోని లోపం. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత ఆ పని చేయలేదు. 14 రకాల కట్లలో ఏ అవయవానికి ఏది నప్పుతుందో వివరించింది. పుండు స్వభావాన్ని, రుతువును బట్టి కట్టు ఎప్పుడు మార్చాలో చెప్పింది. కాలిన గాయాలకు, మధుమేహుల కురుపులకు అసలు కట్టే వద్దంది. ఆ నిషేధాన్ని నేటి వైద్యం ఒప్పుకోదు గాని, ముందు పుండును చూసి తర్వాత కట్టును ఎంచే ఆ పద్ధతి గట్టిది.

19వ శతాబ్దంలో చూపంతా క్రిముల మీదికి మళ్లింది. 1867లో సర్జన్ జోసెఫ్ లిస్టర్ క్రిములను చంపే కార్బాలిక్ ఆమ్లంతో గాయాలకు చేసిన చికిత్సను ప్రకటించాడు. 1880లో బర్మింగ్‌హామ్ సర్జన్ గ్యామ్‌జీ గాజుగుడ్డ పొరల మధ్య దూది పెట్టి రసి పీల్చే మెత్త తయారుచేశాడు. ఇవి నిలిపిన ప్రాణాలు తక్కువేమీ కావు. కానీ పొడి గాజుగుడ్డే ప్రతి పుండుకూ దిక్కయింది. రసి ఆరి గుడ్డ పుండుకు అతుక్కుంటుంది. మర్నాడు లాగితే నెత్తురు చుక్కలతో పాటు అప్పుడే అల్లుకుంటున్న లేత చర్మమూ ఊడొస్తుంది. 1962లో పరిశోధకుడు జార్జ్ వింటర్ పందుల చర్మంపై పైపై గాయాలు చేసి, కొన్నిటిని పాలిథిన్ పొరతో కప్పి, కొన్నిటిని గాలికి వదిలాడు. కప్పినవాటిపై కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. పక్కు కట్టినచోట కణాలు దాని కింద తేమ ఉన్న లోతుకు దిగి దారి చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాతే రసి ఎక్కువగా కారే పుండుకు దాన్ని పీల్చే ఆల్జినేటో ఫోమో, ఎండిన పుండుకు తేమనిచ్చే హైడ్రోజెల్ అన్న ఎంపిక స్థిరపడింది.

మరి తడి ప్రమాదం కాదా? మితిమీరితే ప్రమాదమే, చుట్టూ ఉన్న మంచి చర్మం నాని పాడవుతుంది. చీము పట్టిన పుండును గాలి చొరకుండా మూయకూడదు. రక్తం అందక నల్లగా ఎండిన కాలివేలిని పొడిగానే ఉంచాలి. అంటే తేమ కూడా పుండును బట్టే. ఆల్జినేట్, ఫోమ్, హైడ్రోజెల్ ఇవన్నీ ఖరీదైన కట్లు కదా అనే అభ్యంతరంలో చాలా న్యాయం ఉంది. మధుమేహుల పాదాల పుండ్లకు అవి మామూలు కట్ల కంటే మెరుగన్న స్పష్టమైన ఆధారం లేదు. వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ స్పర్శ కోల్పోయిన కుష్ఠురోగుల అరికాలి పుండ్లను, పాదానికి గట్టి ప్లాస్టర్ కట్టు వేసి, కేవలం ఒత్తిడి తప్పించి మాన్పాడు. స్పర్శ తెలియని పాదంతో నడుస్తూ ఉంటే ఎంత మంచి కట్టయినా వృథాయే. కాబట్టి మధుమేహం ఉన్నవారు కాలికి పుండు పడితే మందుల షాపులో కట్టు కొనే ముందు డాక్టరుకు చూపించి, పాదానికి రక్తం అందుతోందో లేదో, స్పర్శ ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి.