గొల్లభామపై పడిన నింద

ఇచ్చోడ పరిసరములలోని నల్లరేగడి చేలలో పత్తి పూతకు వచ్చు కాలమున, ఆకుల నడుమ ఆకువలెనే నిలిచియుండు గొల్లభామను గుర్తించుట సులభము కాదు. కొన్నిచోట్ల మిడతను కూడ ఈ పేరుతోనే పిలుతురు. ఇచ్చట చెప్పబడునది ముందరి కాళ్లు మడచి ఎరకొరకు పొంచియుండు పురుగు. ఆ మడచిన కాళ్లలో ఐరోపావారు ప్రార్థనను చూచిరి. 1758లో లిన్నేయస్ పెట్టిన మాంటిస్ రెలిజియోసా అను పేరునకు అదియే మూలము. మనవారికి గొల్లపడుచు కనబడినది. నిజమునకు అవి ముళ్లుగల బోనులు.

భక్తురాలను కీర్తి పోయి మగని తినునదను అపకీర్తి వ్యాపించుటకు 1886లో అమెరికాలో హోవర్డు వ్రాసిన లేఖ ఒక కారణము. ఆడ గొల్లభామ ఉన్న సీసాలోనికి ఆయన మగదానిని వదలెను. అది ముందరి కాళ్లను, కంటిని, తుదకు తలను పోగొట్టుకొనియు సంగమించెను. 1897లో ఫ్రెంచి పండితుడు ఫాబర్, తన పంజరములోని ఒకే ఆడది రెండు వారములలో 7 మగపురుగులను భక్షించెనని వ్రాసెను. తల లేని పురుగు సంగమించుట ఎట్లు? 1935లో రోడర్ ప్రయోగములు సమాధానమిచ్చెను: తలలోని ఒక నాడీగ్రంథి ఆ చలనములను అణచియుంచును; తల పోయినచో కట్టడి తొలగును. దీనినిబట్టి తల తినిననే గాని కార్యము జరుగదని కొందరు తలంచిరి. ఇది తొందరపాటు. తలగల మగవియు చక్కగా సంగమించును.

సీసాలో, పంజరములో మగదానికి పారిపోవ చోటు లేదు. 1984లో లిస్కే, డేవిస్ అనువారు చీనా గొల్లభామలకు కడుపునిండ మేతపెట్టి, అలజడి లేకుండ కెమెరాతో గమనింపగా మగవి బ్రతికి బయటపడెను. అట్లని నింద వట్టి అబద్ధము కాదు. 1992లో లారెన్సు ప్రకటించిన పరిశీలనలో, పోర్చుగల్ ఆరుబయళ్లలో జరిగిన సంగమములలో 31 శాతము మగదాని చావుతో ముగిసెను. 2016లో బ్రౌన్, బ్యారీ మగదాని దేహములోని పదార్థము గుడ్లలో చేరుటను కనుగొనిరి. మగని తినిన ఆడది సగటున 88 గుడ్లు, తిననిది సుమారు 38 గుడ్లు పెట్టెను.

కథయంతయు ఆకలిమీద నడచుచున్నది. పత్తి రైతునకు కావలసినదియు ఆ ఆకలియే. పిల్లపురుగులు పేనుబంకను, పెద్దవి గొంగళిపురుగులను, రెక్కలపురుగులను తినును. తేనెటీగలనుకూడ విడువవు గనుక గొల్లభామను కేవలము రైతు నేస్తమనుట అతిశయోక్తి. కాయలోనికి దూరిన గులాబిరంగు పురుగు దానికి అందనే అందదు. అయినను పురుగుమందు చల్లినపుడు శత్రువుతోపాటు ఇదియు చచ్చును.

దీని గుడ్లు నురుగు గట్టిపడి ఏర్పడిన గూటిలో, తరచు కొమ్మలను అంటిపెట్టుకొని యుండును. పత్తి ఏరిన పిదప గులాబిరంగు పురుగు నశించుటకై కట్టెను పెరికి కాల్చునప్పుడు ఈ గూళ్లును బూడిదయగును. అంతకు ముందే గూడున్న కొమ్మను విరిచి గట్టుమీది పొదలో గ్రుచ్చినచో పిల్లలు అందుండియే వెలువడును.